కోసేసిన త్రీ నాట్ త్రీని మళ్లీ పూర్వపు రూపానికి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసు స్టేషన్ గుమ్మం దగ్గర సెంట్రీ భుజాన వేలాడే పొడవాటి తుపాకీని మన ఊళ్లలో అందరూ త్రీ నాట్ త్రీ అనే అంటారు. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. మా నాన్న ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో కానిస్టేబులుగా దాన్ని ఏళ్ల తరబడి మోశారు. నేను ఒహాయోలో స్థిరపడ్డాక, పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఇంటి సామాన్లు అమ్ముతుంటే అలాంటిదే ఒకటి కనిపించింది. ముందు కర్ర సగానికి కోసేసి ఉంది, బారెల్‌ని పైనుంచి కప్పే పైకర్రలు లేవు, భుజానికి ఆనించే బట్‌కి ఎర్ర రబ్బరు ప్యాడ్ అతికించి ఉంది. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర కాగితాలన్నీ పూర్తిచేసి తెచ్చుకుని, దాన్ని సైనిక రూపానికి తేవడానికి రెండేళ్లు కష్టపడ్డాను. ఆ తర్వాత స్నేహితులు, వాళ్ల స్నేహితులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇంత మంచి రైఫిల్‌ని అసలు ఎందుకు కోశారు?

చవకగా దొరికింది కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యాలకు అక్కర్లేని రైఫిళ్లు లక్షల్లో మిగిలాయి. 1950లు, 60లలో అమెరికాలో వాటిని ఉత్తరం రాసి పోస్టులో తెప్పించుకునేవాళ్లు. జింకల వేటకు కొత్త రైఫిల్ కొనే స్తోమత లేనివాళ్లు దీన్ని కొని, బరువు తగ్గించుకోవడానికి ముందు కర్ర కోసేసి, ముక్కున ఉండే ఇనుప టోపీ తీసి పారేసేవాళ్లు. ఇలా మార్చడాన్ని స్పోర్టరైజ్ చేయడం అంటారు. 1963లో కెనెడీ హత్యకు వాడిన రైఫిల్ కూడా పోస్టులో తెప్పించినదే. 1968లో వచ్చిన గన్ కంట్రోల్ చట్టంతో ఆ అమ్మకాలు ఆగిపోయాయి. అప్పటికే లెక్కలేనన్ని కోతకు గురయ్యాయి.

ఆ పని చేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల కళ్లకు అది పురావస్తువు కాదు, చలికాలానికి ఇంట్లోకి మాంసం తెచ్చే పనిముట్టు.

నా దగ్గర ఉన్నది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు తూటాని లోపలికి నెట్టే బోల్ట్ తీసి, తూటాల డబ్బా అయిన మ్యాగజీన్ తీసి, తూటా కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి ఖాళీగా ఉందో లేదో చూడండి. ఎన్‌సీసీలో చేసినవాళ్లకు 'ఖాలీ కర్' గుర్తుండే ఉంటుంది.

తర్వాత బట్ మొదట్లో, బోల్ట్ పిడి కింద ఉండే ఇనుప పట్టీ కుడివైపు చూడండి. పాత రకం మీద కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం, మోడల్ వరసగా కొట్టి ఉంటాయి. 'ఎస్‌హెచ్‌టి ఎల్ఈ, మూడు' అని రోమన్ అంకెల్లో ఉంటే అది 1907లో వచ్చిన మార్క్ 3. పక్కన నక్షత్రం గుర్తు (*) కూడా ఉంటే 1916లో మొదటి ప్రపంచ యుద్ధం ఒత్తిడికి సులువు చేసిన రకం. అందులో వాలీ సైట్లు (చాలా దూరంలోని గుంపు మీద అందరూ కలిసి కాల్చేటప్పుడు గురి చూసేవి), మ్యాగజీన్‌ని మూసే రేకు ఉండవు. ఈ తేడా ముందే తెలుసుకోకపోతే తప్పు ముందు కర్ర కొంటారు. వాలీ సైట్ పలక బిగించేది ఎడమవైపు కర్ర మీదే మరి.

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీవి అయితే బ్రిటిష్ కాలంలో 'జీఆర్ఐ' అని ఉంటుంది. జార్జి రాజు, చక్రవర్తి అని లాటిన్‌లో దాని అర్థం. ఇషాపూర్‌లోనే 1960లలో 7.62 తూటాకు చేసిన 2ఏ, 2ఏ1 రకాలు వేరు. వాటి మ్యాగజీన్ అడుగు చదరంగా, డబ్బాలా ఉంటుంది, 12 తూటాలు పడతాయి. పాత .303కి 10. చూడగానే ఒకేలా అనిపించినా తూటా వేరు కాబట్టి ఇక్కడ పొరపాటు పడకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4 రకంలో బారెల్ కొన కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, వెనక సైట్ కంటికి దగ్గరగా రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప దేహం) మీద ఉంటుంది. అమెరికాలో సావేజ్ కంపెనీ చేసిన వాటి మీద 'యూఎస్ ప్రాపర్టీ' అని ఉంటుంది. కింద చెప్పబోయేది ఎక్కువగా పాత మార్క్ 3 గురించే. నా చేతుల్లో నలిగింది అదే.

బాగుచేయాలా, అలాగే వదిలేయాలా? ఎలా తేల్చుకోవడం?

అందరూ ముందు కర్ర చూసి బెంగపడతారు. నేను మాత్రం ఇనుము చూడమంటాను. కర్ర పోతే కర్ర వస్తుంది. అరగదీసిన ఇనుము తిరిగి రాదు.

బారెల్ కొలవండి. మార్క్ 3 బారెల్ అసలు పొడవు 25.2 అంగుళాలు. అంత ఉండి, ముందు సైట్ దిమ్మ కూడా కదలకుండా ఉంటే సగం గండం గడిచినట్టే. తర్వాత రిసీవర్ పైన తూటాల క్లిప్పు దూర్చే వంతెన ఉందా చూడండి. టెలిస్కోప్ కోసం చాలామంది దాన్ని గ్రైండ్ చేసేశారు. రిసీవర్ పక్కన టెలిస్కోప్ మౌంట్ కోసం కొత్తగా మర కన్నాలు వేశారా, వెనక సైట్ కూర్చునే దిమ్మని పీకేశారా చూడండి. ఈ నాలుగూ సవ్యంగా ఉంటే మీ రైఫిల్‌కి పోయింది బట్టలు మాత్రమే, ఒళ్లు బాగానే ఉంది. ధైర్యంగా మొదలుపెట్టండి.

వంతెన లేకుండా, కన్నాలతో ఉంటే నా మాటగా వద్దంటాను. వెల్డింగ్ చేసి పూడ్పించొచ్చు అని చెప్పేవాళ్లు ఉంటారు. రిసీవర్ గట్టిదనం వేడికి మారిపోతుంది. గోడకు తగిలించుకునే వస్తువు కోసం అంత పని చేయడం అనవసరం. వేట రైఫిల్‌గానే శుభ్రంగా ఉంచుకోండి.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కొన్నిటిని .25 గుండుకు మార్చారు. న్యూ సౌత్ వేల్స్‌లో సైనిక తూటాల మీద ఆంక్షలుండటంతో .303 తూటా మూతిని సన్నం చేసి కొత్త తూటా తయారుచేసుకున్నారు. అది వాళ్ల చరిత్ర, అలాగే ఉండాలి. బర్మింగ్‌హామ్‌లో పార్కర్ హేల్ లాంటి కంపెనీలు ఫ్యాక్టరీలోనే అందంగా మార్చి అమ్మిన వాటినీ కదపొద్దు.

ఇషాపూర్‌లో .303ని .410 నున్నటి బారెల్‌కు మార్చినవి ఉన్నాయి, ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చేవి. అవి కోసినవీ కావు, పాడైనవీ కావు. అవి ఉన్న తీరే అసలు రూపం. కర్ర చుట్టూ రాగి తీగ చుట్టి ఉన్నవి గ్రెనేడ్ విసరడానికి తయారుచేసినవి. తీగ చూడ్డానికి బాగాలేదని ఒకాయన విప్పేశాడని విని ఆ రోజంతా మనసు బాగోలేదు.

ఏ వరసలో విప్పాలి?

ఈ ఒక్క జవాబు చదివి మిగతాది వదిలేసినా ఫరవాలేదు. మార్క్ 3లో ముందు కర్ర పూర్తిగా బయటికి రాకుండా బట్ లోపలి పెద్ద బోల్ట్‌ని తిప్పకూడదు.

కారణం చెప్తాను. బట్‌ని పట్టి ఉంచే పొడవాటి బోల్ట్ కొన చదరంగా ఉంటుంది. అది ఇనుప పట్టీ దాటి ముందుకు వచ్చి, ముందు కర్ర వెనక అంచున ఉన్న చిన్న పలక గాడిలో కూర్చుంటుంది. బోల్ట్ వదులవకుండా చేసిన ఏర్పాటు అది. ముందు కర్ర ఉండగా బోల్ట్ తిప్పితే ఆ చదరపు కొన గాడిలో తిరగబోయి కర్రను చీల్చేస్తుంది.

నాకు ఎలా తెలుసంటే, చీల్చాను కాబట్టి. ఎనిమిది నెలలు వెతికి 1917 నాటి వాల్‌నట్ ముందు కర్ర సంపాదించాను. అన్నీ బిగించాక బట్ కొంచెం కదులుతున్నట్టు అనిపించింది. అమ్మినతను 'పొడుగు స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు బిగించు, సరిపోతుంది' అన్నాడు. పావు చుట్టు కూడా పూర్తికాలేదు, టప్‌మని చిన్న శబ్దం. వెనక అంచు నుంచి రెండు అంగుళాల మేర వెంట్రుకంత గీత. వందేళ్లు నిలిచిన కర్ర నా చేతిలో ఒక్క క్షణంలో పగిలింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత చీలికలోకి జిగురు ఎక్కించి, అడ్డంగా సన్నని ఇత్తడి పిన్ను దించి నిలబెట్టాను.

సరైన వరస ఇది: మ్యాగజీన్, తూటా నెట్టే బోల్ట్ తీసేయాలి. ముక్కు టోపీ స్క్రూలు విప్పి టోపీ లాగాలి. లోపల చిన్న స్ప్రింగు, దాని మీద గుబ్బ ఉంటాయి, ఎగిరిపోకుండా పట్టుకోండి. మధ్య బ్యాండ్, పైకర్రలు తీయాలి. వెనక సైట్‌కి ముందువైపు, కర్ర అడుగున కనిపించే స్ప్రింగు స్క్రూ మర్చిపోకూడదు, అది లోపలి బ్యాండుది. తర్వాత ట్రిగ్గర్ గార్డు స్క్రూలు. అప్పుడు ముందు కర్రను నెమ్మదిగా, నిటారుగా కిందికి దించాలి. చివరగా బట్.

కొత్త ముందు కర్ర ఎక్కడ దొరుకుతుంది? తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

పాత సైనిక సామాను అమ్మేవాళ్ల దగ్గర వాడినవి, వాడనివి రెండూ దొరుకుతాయి. ఒట్టి కర్ర కాబట్టి అమెరికా కేంద్ర చట్టం దాన్ని తుపాకీగా లెక్కపెట్టదు. కర్రతో పాటు ముందు, వెనక పైకర్రలు, ముక్కు టోపీ, రెండు బ్యాండ్లు, గుబ్బ, స్ప్రింగు, స్క్రూలు అన్నీ కావాలి. చిన్న స్క్రూలకే ఎక్కువ తిప్పలు. అవి పాత బ్రిటిష్ మరలు, హార్డ్‌వేర్ షాపులో దొరికేవి పట్టవు.

తెచ్చి బిగిస్తే మాత్రం సరిపోదు. రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ముందు కర్ర వెనక భాగంలో లోపలున్న రెండు చదును మొహాల మీద పడుతుంది. ఆ రెండూ ఇనుముకు ఒకేసారి, సమానంగా ఆనాలి. ఒకటే ఆనితే ఆ పక్కన కర్ర చీలుతుంది. ఎక్కడ తగులుతోందో చూడటానికి నేను ఇనుముకు పల్చగా దీపపు మసి పూసి, కర్ర బిగించి, మళ్లీ విప్పి చూసేవాణ్ణి. నల్లటి మచ్చ పడ్డ చోట పదునైన ఉలితో కాగితమంత పొర తీయడం, మళ్లీ బిగించడం. రెండు మొహాల మీదా మచ్చ సమానంగా పడేసరికి పదిహేను రోజులు పట్టింది, రోజుకో గంట చొప్పున.

ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ మెత్తటి కర్ర వాడటంతో ఆ మొహాలకు రాగి రేకులు బిగించింది. ఇషాపూర్ వాళ్లు ముందు కర్రకు అడ్డంగా ఒక మర దించారు. నా కర్ర చీలాక ఇషాపూర్ కర్ర ఒకటి చేతిలోకి తీసుకుని ఆ మర తలను చాలాసేపు చూశాను. నాకు తగిలిన దెబ్బను మన ఫ్యాక్టరీ పనివాళ్లు ఎప్పుడో ఊహించి మందు వేసి పెట్టారు.

కర్రకు ఇసుక కాగితం పట్టి వార్నిష్ వేయొచ్చా?

దయచేసి వద్దు. కర్ర మీద తనిఖీదారుల ముద్రలు, రెజిమెంట్ గుర్తులు, మరమ్మతు తేదీలు ఉంటాయి. ఇసుక కాగితం రెండు రుద్దులకే వాటిని తినేస్తుంది.

మురికి పోవడానికి మినరల్ స్పిరిట్స్‌తో తడిపిన గుడ్డ చాలు. సొట్టలుంటే తడి గుడ్డ వేసి పైన ఇస్త్రీ పెట్టె ఆనించండి. ఆవిరికి నలిగిన నార ఉబ్బి సొట్ట పైకి లేస్తుంది. పూర్తిగా తెగిన గాటు లేవదు, దాన్ని వదిలేయండి.

తర్వాత పచ్చి అవిసె నూనె. సైన్యంలో వాడింది అదే. అరచేతిలో కొద్దిగా వేసుకుని వేడి పుట్టేదాకా రుద్ది, అరగంట తర్వాత మిగిలింది తుడిచేయాలి. వారం పాటు రోజుకోసారి, తర్వాత నెల పాటు వారానికోసారి. మందంగా పూస్తే ఎండదు, జిడ్డుగా బంకలా మిగులుతుంది. అవిసె నూనె వాసన మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గడ్డివామి దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది, ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఒక పెద్ద జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఎండేటప్పుడు ఆ నూనె తనంతట తనే వేడెక్కుతుంది, ఉండలోపల వేడి పోగై మంట అంటుకుంటుంది. గ్యారేజీలు కాలిపోయిన సంఘటనలు ఉన్నాయి. గుడ్డల్ని బయట విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచండి.

ఇనుము తుప్పు పట్టి ఉంది. తీసేసి కొత్తగా నలుపు చేయించాలా?

బాగా సన్నటి స్టీల్ ఊల్, కాస్త నూనె. ఎర్ర తుప్పు పోతుంది, కింద పాత నలుపు మిగులుతుంది. అక్కడితో ఆగండి. అద్దంలా మెరిపించాలని బఫింగ్ చక్రం పెట్టించి ముద్రలన్నీ పోగొట్టుకున్నవి చాలా చూశాను.

బారెల్ కోసేసి ఉంటే?

అసలు పొడవున్న పాత బారెల్ దొరికితే లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేత మార్పించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. మంచి బారెల్ దొరకడమే కష్టం. అలాగే కోసిన బారెల్‌ని ఇంకా కోయాలనే ఆలోచన వద్దు. అమెరికాలో 16 అంగుళాల కంటే పొట్టి రైఫిల్ బారెల్‌కి కేంద్ర చట్టం వేరు, శిక్షలు కఠినం.

పొట్టి బారెల్ చూసి 'ఇది జంగిల్ కార్బైన్' అని ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. అసలు జంగిల్ కార్బైన్ అంటే నంబర్ 5. 1944 నుంచి 1947 వరకే చేశారు. దాని బారెల్ మొదట్లో, రిసీవర్ మీద బరువు తగ్గించడానికి తొలిచిన గాళ్లు ఉంటాయి. అవి లేకపోతే నమ్మకండి.

బాగుచేశాక పేల్చొచ్చా?

గన్‌స్మిత్ చూసి సరే అన్నాకే. .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. ఆ అంచుకు, బోల్ట్ మొహానికి మధ్య ఎంత జాగా ఉందో గేజులతో కొలుస్తారు. సైనిక లెక్కలో 0.064 అంగుళాల గేజు మీద బోల్ట్ మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. ఎవరో మార్చిన బోల్ట్ ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి.

'డీపీ' అని ముద్ర ఉంటే అది డ్రిల్‌కు మాత్రమే. దాన్ని ఎప్పటికీ పేల్చకండి.

పాత సైనిక తూటాల అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీల్లోని రసాయనం బారెల్‌లో ఉప్పు మిగులుస్తుంది. ఆ ఉప్పు తేమ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది, నూనె దాన్ని కరిగించదు. మరిగే నీళ్లు గరాటుతో పోసి, చిండీ గుడ్డతో ఆరేదాకా తుడిచి, అప్పుడు నూనె పెట్టాలి. ఇది నాకు నాన్న ఫోన్‌లో చెప్పారు. 'ముందు నీళ్లు నాన్నా, తర్వాతే నూనె. నూనె ముందు పెట్టావంటే తెల్లారేసరికి హవల్దారు చేతిలో అయిపోయేవాళ్లం' అన్నారు.

ముక్కు టోపీ, బోల్ట్ నంబర్లు రిసీవర్‌తో కలవట్లేదు. కొట్టించుకోవచ్చా?

వద్దు. రిసీవర్ మీద సీరియల్ నంబరు మార్చడం అమెరికాలో నేరం. మిగతా ముక్కల మీద కొత్తగా కొట్టించడం చట్టం మాట ఎలా ఉన్నా మోసమే. రేపు మీ తర్వాత కొనేవాళ్లు అసలైనదనుకుని కొంటారు. నేను ఏ ముక్క ఎక్కడిదో, ఎప్పుడు మార్చానో ఒక కాగితం మీద రాసి, బట్ వెనక ఇత్తడి మూత కింద, ఒకప్పుడు సైనికులు నూనె బుడ్డి, పుల్‌త్రూ (బారెల్ తుడిచే తాడు) దాచుకున్న అరలో పెట్టాను.

ఖర్చుకు తగ్గ విలువ వస్తుందా?

రాదు. విడిభాగాలన్నీ కొంటే, ఎవరూ కోయని రైఫిల్ నేరుగా కొనే ధర దాటిపోవచ్చు. లాభం కోసమైతే ఈ పని పెట్టుకోకండి.

మేం హెచ్1బీ మీద ఉన్నాం. కొనొచ్చా?

చాలామంది మనవాళ్లకు తెలియని విషయం ఇది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్రాల చట్టాలు దానికి అదనం. లాయర్‌తో మాట్లాడకుండా అడుగు వేయకండి. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం వర్తించదు. నేను అప్పటిదాకా ఆగాను.

ఇండియాకి బయల్దేరేటప్పుడు, షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన బ్యాగు మాత్రం ప్రయాణానికి వాడొద్దు. మూలన ఒక్క తూటా మిగిలినా ఎయిర్‌పోర్టులో కేసు అవుతుంది.

ఇండియాలో ఇలా చేయొచ్చా?

మన దేశంలో .303 ప్రొహిబిటెడ్ బోర్ కింద లెక్క, మామూలు లైసెన్సు మీద ఇవ్వరు. లైసెన్సు లేకుండా ఏ తుపాకీ బారెల్‌నైనా పొట్టి చేయడం ఆయుధాల చట్టం, 1959లోని 6వ సెక్షన్ ప్రకారం నేరం. తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉంటే స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే కలెక్టరు ఆఫీసులోనో పోలీసుల దగ్గరో దాని కాగితాల సంగతి తేల్చుకోండి. పోలీసులు కూడా వీటిని పక్కన పెడుతున్నారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. ఆ వీడియో నాన్నకు చూపిస్తే మాట్లాడకుండా రెండుసార్లు చూశారు.

తీసేసిన పాత ముక్కల్ని ఏం చేయాలి?

దాచండి. నా రైఫిల్‌కి వచ్చిన కోసిన ముందు కర్ర ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని అడుగున చాకుతో చెక్కిన పదకొండు గాట్లున్నాయి. ఎనిమిది ఒకే లోతున, వరసగా ఉన్నాయి. చివరి మూడు వంకరగా, పైపైన గీసినట్టు ఉన్నాయి, చెయ్యి వణికే వయసులో చెక్కినవి అనుకుంటాను. రబ్బరు ప్యాడ్‌తో పాటు దాన్ని పాత దుప్పటిలో చుట్టి, రైఫిల్ ఉన్న బీరువాలోనే పై అరలో పెట్టాను.